పల్నాటి పేదబిడ్డలు - విశ్వవిద్యాలయ ద్వారము

పల్నాడనగనే లోకులకు స్ఫురించునవి కోడిపందెము, కారెమపూడి రణరంగము, నాగులేటి యొడ్డున నున్న వీరుల గుడి. విద్యావిషయమున నీ సీమ పేరెత్తువారు తక్కువ. అట్లయ్యు మాచెర్లకు సమీపమున, కృష్ణాతీరమందలి విజయపురిలో, క్రీస్తుశకము 3వ శతాబ్దమునందే భిక్షుసంఘములకు విహారములు వెలసి, అందు శాస్త్రపఠనము సాగుచుండెను. ఇక్ష్వాకు ప్రభువైన వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమున బోధిసిరి యను ఉపాసిక, కాశ్మీర గాంధార చీనాది దేశముల ధర్మబోధ గావించిన సింహళ స్థవిరుల నిమిత్తము శ్రీపర్వతమున చైత్యగృహము కట్టించినట్లు శాసనము చెప్పుచున్నది. ఆమె రాణి కాదు. ఒక గృహపతి యింటి యాడుపడుచు.

నేడు పలువురు ఆ స్థలమును నాగార్జున విశ్వవిద్యాలయమని గర్వముగ చెప్పుకొందురు. శాసనములందా మాట లేదు. విహారమును విహారమనియే యనుట మేలు. అయినను ఆ రాతలనుండి గ్రహింపదగిన దొకటి కలదు. చదువుకొనువానికి గూడును కూడును నమర్చిన వారి పేర్లు రాతిపై నిలిచినవి. ఆ విహారములకు ధాన్యము పండించి కొలిచిన వారి బిడ్డలు లోపల కూర్చుండి చదివిరో లేదో రాయి చెప్పదు. విద్యాస్థానము తమ పొలిమేరలోనే యున్నను, అందు ప్రవేశము తమకు గలదా లేదా యను ప్రశ్న పల్నాటివారికి నాటినుండియు నున్నదే. పల్నాటి పేదబిడ్డ విశ్వవిద్యాలయ ద్వారము చేరుటకు త్రోవ యెవ్వరు వేసిరి, ఎచ్చట నది తెగినది, ఎచ్చట మరల నతికినది యనునదియే యీ వ్యాసమునకు విషయము.

పల్నాటి వీరచరిత్రమున బ్రహ్మనాయుడు మాచెర్లలో చాపకూడు నడపెననియు, మాల కన్నమదాసును సేనానాయకునిగ జేసికొనెననియు ప్రసిద్ధి. 12వ శతాబ్దమునాటి యీ కథలో చరిత్ర యెంత, కవిత్వమెంత యను తర్కమును పండితులకు వదలుదము. ఒకే చాపపై నన్ని కులములవారు కూర్చుండి భుజించుట యీ సీమకు క్రొత్త తలపు కాదనుట మాత్రము నిశ్చయము. అయితే చాపకూటిలో కూర్చున్న వాని వంశజుని వీధిబడిలో కూర్చుండ బెట్టుటకు మరియేడు వందల యేండ్లు పట్టినది. కూడు కలిసినంత మాత్రమున చదువు కలియదని దీనివలన తేలుచున్నది. కూడే లేక చదువు నిలువదని తరువాతి చరిత్ర తేల్చినది.

1842లో గుంటూరు చేరిన లూథరను మిషనరీ హేయరు దొర 1849 ప్రాంతమున గురజాలకు వచ్చి పల్నాటిలో పనిచేసెను. పిమ్మట అమెరికను బాప్టిస్టులు నరసరావుపేట, వినుకొండ ప్రాంతములలో స్థిరపడిరి. మతప్రచారమే వారి ముఖ్యోద్దేశమనుటలో దాపరికము లేదు. అయినను మాలపల్లెలోను, మాదిగపల్లెలోను పలక పట్టుట ఆ బళ్లతోనే ప్రబలెను. 1885లో లూథరనులు గుంటూరున నెలకొల్పిన కళాశాల, తదుపరి ఆంధ్ర క్రైస్తవ కళాశాల యను పేర, ఈ జిల్లాలో పై చదువునకు మొదటి మెట్టయ్యెను. పల్లెబడి కొకరు, కళాశాల కొకరు చేరుచుండిరి. రెంటికి నడుమ నున్న యెడము మాత్రము మిక్కిలి పెద్దది.

ఆ యెడమున నిలిచి జీవితమంతయు నడచిన మహాకవి గుఱ్ఱం జాషువ. ఆయన 1895 సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించెను. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. ఇరువైపులవారును తమవాడనని పరిస్థితిలో బాల్యము గడచినది. ఉపాధ్యాయ శిక్షణ పొందెను. రాజమహేంద్రవరమున మూగచిత్రములు ఆడుచుండగ తెరప్రక్కన నిలిచి కథ చదివి వినిపించెను. గుంటూరున లూథరను మిషను పాఠశాలలో బోధించెను. సంస్కృతాంధ్రముల పాండిత్యమును స్వయంకృషిచే గడించెను. ఏ విశ్వవిద్యాలయమును ఆయనకు గురువుల నీయలేదు.

1941లో వెలువడిన ఆయన 'గబ్బిలము' నెరుగని తెలుగు పాఠకుడుండడు. అందు అరుంధతీసుతుడు తన గోడు కాశీ విశ్వనాథునకు విన్నవింపుమని గబ్బిలమును పంపును. హంసకాదు, మేఘము కాదు, గబ్బిలమే యేల? గుడిలోనికి గబ్బిలము పోగలదు. ఆ మనుష్యుడు పోలేడు. కావ్యమంతయు నీ యొక్క సత్యముపై నిలిచియున్నది. గుడికి చెప్పిన మాట నాటి కళాశాలకును చెల్లును. ఆ కళాశాలలలో జాషువ పద్యములు పాఠ్యములైన పిదపకూడ, ఆయన పుట్టిన వాడలోని కుఱ్ఱడు ఆ పాఠము వినుటకు బెంచీమీద కూర్చుండుట అరుదు. పద్యము ముందుగ ప్రవేశించినది, బిడ్డ తరువాత ప్రవేశించెను. 1970లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జాషువాకు కళాప్రపూర్ణ బిరుద మిచ్చెను. ఆ యేడే పద్మభూషణమును లభించెను. అప్పటికాయన వయస్సు 75 సంవత్సరములు. మరుసటి యేడు జూలై 24వ తేదీన గతించెను. బిరుదము సముచితమే. కాని ద్వారము తెరచుటకు బిరుదమొక మార్గము, ప్రవేశమొక మార్గము. మొదటిదానికి జాషువ యంతటివాడు కావలెను. రెండవది సామాన్యునకు కూడ దక్కినప్పుడే ద్వారము తెరచినట్లు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టెను. నాగార్జునకొండ శిథిలములు వెలుగు చూచినదియు నా యేడే కావడము చిత్రము. కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి ఉపకులపతి. తొలుత బెజవాడలో నుండి 1930 నాటికి వాల్తేరు చేరెను. తెలుగువారికి ప్రత్యేక విశ్వవిద్యాలయము రావలెనని మదరాసు రాష్ట్రమున చిరకాలము పోరాడినవారు విజయము పొందిరి. అయితే మాచెర్లలో మీటరుగేజి బండి యెక్కువానికి మదరాసు దూరమే, వాల్తేరును దూరమే. దూరమనగ మైళ్లలో కొలుచునది మాత్రమే కాదు. సంపన్నుని లెక్కలో చదువు ఖర్చు ఒక్కటే పద్దు. కూలివాని లెక్కలో రెండు పద్దులు: ఇంటినుండి పోవు డబ్బు ఒకటి, ఇంటికి రాకపోవు కూలి రెండవది. ఈ రెండవ పద్దును ప్రభుత్వపు ఏ యుత్తరువును నేటికిని పూర్తిగ గుర్తింపలేదు.

మొదటి పద్దును గుర్తించిన ముఖ్యమైన చర్య 1944లో జరిగినది. డాక్టరు అంబేడ్కరు వైస్రాయి కార్యనిర్వాహక సభలో సభ్యుడుగా నున్న కాలమున, మెట్రిక్యులేషను దాటిన షెడ్యూల్డు కులముల విద్యార్థులకు భారత ప్రభుత్వ ఉపకారవేతనము లారంభమయ్యెను. పదవ తరగతి దాటిన దళిత విద్యార్థి నేటికిని ఆశ్రయించునది ఆ పథకమునే. దీని గుణమును దోషమును గూడ ఎరుగవలెను. గుణము, రుసుము భారము తొలగుట. దోషము, సొమ్ము విద్యార్థి చేతికి ఆలస్యముగ వచ్చుట. భోజనశాల బాకీ మాత్రము నెలనెలకు పెరుగును. మంజూరైన సొమ్మునకును ముట్టిన సొమ్మునకును గల భేదము లెక్కలు వ్రాయువారికి చెప్పనక్కర లేదు.

అప్పటికే మదరాసు రాష్ట్రమున 'కమ్యూనలు జీవో' యను ఉత్తరువు అమలులో నుండెను. గుంటూరు జిల్లా ఆ రాష్ట్రములోనిదే. 1946లో గుంటూరున వైద్యకళాశాల వచ్చుటచే ఆ యుత్తరువు ఇచ్చటివారికి దగ్గర సంగతి యయ్యెను. వైద్య, సాంకేతిక కళాశాలల సీట్లను 14 చొప్పున లెక్కించి, బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియనులకు క్రైస్తవులకు కలిపి 1, ముసల్మానులకు 1 చొప్పున పంచుచుండిరి. 14 కుంచముల ధాన్యమును కళ్లములో పంచినట్లుగ నుండెను. ఎవరి వాటా వారిదే. పైకులములలోని పేదవానికిని, క్రింది కులములలోని తెలివిగలవానికిని తమ వాటా దాటి పోవుటకు త్రోవ లేదు.

రాజ్యాంగము 1950లో అమలులోనికి రాగా, చంపకం దొరైరాజన్ అను విద్యావతి ఈ యుత్తరువుపై వ్యాజ్యము వేసెను. ఆమె వైద్యకళాశాలకు దరఖాస్తే పెట్టలేదని తీర్పులోనే కలదు. అయినను సుప్రీముకోర్టు 1951 ఏప్రిలులో ఉత్తరువు చెల్లదని చెప్పెను. రెండు నెలలు తిరుగకమునుపే పార్లమెంటు రాజ్యాంగమునకు తొలి సవరణ చేసి, వెనుకబడిన తరగతుల కొరకును, షెడ్యూల్డు కులముల, తెగల కొరకును ప్రత్యేక నిబంధనలు చేయు నధికారమును 15వ అధికరణమున నాలుగవ ఖండముగ చేర్చెను. నేడు విశ్వవిద్యాలయములలో కనబడు ప్రవేశపు కోటాలకు మూలము మదరాసు రాష్ట్రములోని యీ వ్యాజ్యమే.

ఉత్తరువులెన్ని యున్నను అర్హులు లేకున్న సీటు ఖాళీగ నుండును. 1961 జనాభా లెక్కలలో ఆంధ్రప్రదేశమున నూటికి 21 మంది మాత్రమే అక్షరాస్యులు. స్త్రీలలో నూటికి 12. పల్నాటి మెట్టపొలములలో జొన్నయు, మిరపయు వానదేవుని దయపై పండుచుండెను. శ్రీనాథుడు ఈ సీమ జొన్నకూటిని, నీటి కరవును గేలిచేసెనందురు. కరవు నిజమే కనుక పల్నాటివారు కోపగింపలేదు. 1950లో నరసరావుపేటలో శ్రీ సుబ్బరాయ నారాయణ కళాశాల వెలయుటతో పై చదువు కొంత చేరువయ్యెను. 1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరము కుడికాలువకు నీరు వదలుటతో పల్నాటి బ్రతుకు మారెను. నీరు పారిన పొలమువాడు కుమారుని గుంటూరు పంపెను, ఆపై వాల్తేరు పంపెను. పొలము లేనివానికి ఆ నీటివలన కూలి దొరికినది గాని కళాశాల దొరకలేదు. సాగరమువలన పల్నాడు చదువుకొన్నదను మాటలో సగమే సత్యము.

మిగిలిన సగమునకు పల్నాటివాడే యొకడు కారకుడగుట విశేషము. నరసరావుపేట సమీపమున చిరుమామిళ్లలో 1909లో జన్మించిన కాసు బ్రహ్మానందరెడ్డిగారు 1964 నుండి 1971 వరకు ముఖ్యమంత్రిగ నుండిరి. వెనుకబడిన తరగతుల పట్టికలను ప్రభుత్వము 1963లోను, 1966లోను ప్రకటింపగా రెండును న్యాయస్థానములలో నిలువలేదు. కులమును మాత్రమే చూచిరి, వెనుకబాటును పరిశీలింపలేదని తీర్పులు వచ్చెను. అంతట 1968లో అనంతరామన్ సంఘమును నియమించిరి. ఆ సంఘము 1970లో నివేదిక సమర్పింపగా, ఆ యేడే ప్రభుత్వము కళాశాలలలోను ఉద్యోగములలోను నూటికి 25 వంతున వెనుకబడిన తరగతులకు కేటాయించెను. అందు ఏ వర్గమునకు 7, బీ వర్గమునకు 10, సీ వర్గమునకు 1, డీ వర్గమునకు 7. హైకోర్టు కాదన్నను 1972లో సుప్రీముకోర్టు దీనిని సమర్థించెను. మాచెర్ల నాపరాతి గనులలోను, పిడుగురాళ్ల సున్నపుబట్టీల కడను కష్టించు వడ్డెర కుటుంబములకు విశ్వవిద్యాలయము మాట చెవినిబడుటకు ఈ యుత్తరువే మూలము.

ఈ నాలుగంకెలలో నతిచిన్నదైన సీ వర్గపు 1 గూర్చి కొంత చెప్పవలసియున్నది. క్రైస్తవము స్వీకరించిన షెడ్యూల్డు కులములవారికిది కేటాయింపబడినది. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ననుసరించి హిందువుకానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు కలిగినది. క్రైస్తవులకు కలుగలేదు. హేయరు దొర కాలమునుండి పల్లెపల్లెకు చర్చియున్న పల్నాటిలో నిది పుస్తకములోని సంగతి కాదు. ఇల్లొకటే, వాడ యొకటే, కూలి యొకటే. బడి రిజిష్టరులో 'హిందూ' యని యున్న బిడ్డ నూటికి 15 వాటాలో పోటీపడును, 'క్రైస్తవ' యని యున్న బిడ్డ నూటికి 1 వాటాలో పోటీపడును. ఇంటిలో నొకపేరు, బడిలో నొకపేరుతో పెరిగిన బిడ్డలెందరో పల్నాటిలో కలరు. దీనిని మోసమనువారు కలరు. అక్షరము నేర్పిన మతమును విడువలేక, అక్షరము నిలుపు వాటాను వదలలేక పడిన యవస్థ యనుట న్యాయము.

బ్రహ్మానందరెడ్డిగారి కాలముననే, 1967లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు అనుబంధముగ గుంటూరు ప్రక్కన నల్లపాడున స్నాతకోత్తర కేంద్రము వెలసెను. అదియే 1976 సెప్టెంబరు 11వ తేదీన నాగార్జున విశ్వవిద్యాలయముగ పరిణమించెను. తరువాత ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమని పేరు పొందెను. విజయపురి విహారముల పేరు పదునారు వందల యేండ్లకు మరల చదువుతో జతపడెను. బస్సు ఛార్జీతో ఎం.ఏ. తరగతి చేరగల కాలము పల్నాటి బిడ్డకు వచ్చెను. వాల్తేరు పోవుటకు పెట్టె, పరుపు, బంధువుల సిఫారసు కావలెను. నాగార్జున నగరు పోవుటకు చేతిసంచి చాలును.

ఇంతవరకు చెప్పినవి పై మెట్లు. క్రింది మెట్టు హాస్టలు. తాలూకా కేంద్రములలో వెలసిన సాంఘిక సంక్షేమ వసతిగృహములను గూర్చి నీళ్లచారు, పురుగుల బియ్యము, కురియు కప్పు అను మాటలే పత్రికలలో వచ్చును. అవి నిజములే. అయినను పల్నాటి దళితవాడలనుండి పట్టభద్రులైన వారిని విచారించిన, హాస్టలులో నుండి చదివితిమనువారే యెక్కువగ కనబడుదురు. ఒకే వరుసలో కంచములు పెట్టుకొని కూర్చున్న ఆ బిడ్డలకు బ్రహ్మనాయుని చాపకూడు జ్ఞాపకమున్నదో లేదో గాని, కన్నమదాసుకు దొరకని పలక మాత్రము వారికి దొరికినది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులోను, 1972లో గుంటూరు జిల్లా తాడికొండలోను గురుకుల పాఠశాలలు ప్రారంభమయ్యెను. పరీక్షచే నెన్నుకొని, తిండి బట్ట పుస్తకము లిచ్చి, ఆచార్యులు ఆవరణముననే నివసించు పద్ధతి. నాగార్జునసాగరమునను గురుకుల జూనియరు కళాశాల, డిగ్రీ కళాశాల వెలసెను. పూర్వము బోధిసిరి భిక్షువులకు చేసిన పనిని ప్రభుత్వము రైతుకూలీల బిడ్డలకు, అదే సాగరతీరమున, చేసినట్లయినది.

బడికే పోక కూలికి పోయినవాని సంగతి యేమి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడును పల్నాటివాడే. ముప్పాళ్ల గ్రామమున జన్మించిన భవనం వెంకటరామిరెడ్డిగారు 1982లో ఫిబ్రవరి నుండి సెప్టెంబరు వరకు ముఖ్యమంత్రిగ నుండిరి. ఏడు నెలల పదవి. ఆ యేడు ఆగస్టు 26వ తేదీన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ప్రారంభమయ్యెను. భారతదేశమున నిదియే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము. ఆచార్య జి. రామిరెడ్డిగారు మొదటి ఉపకులపతి. మొదట నాగార్జునసాగరముననే వెలసి పిదప హైదరాబాదునకు తరలిన యీ విద్యాపీఠము 1991లో అంబేడ్కరు పేర పిలువబడెను. పదవ తరగతి లేకున్నను, ఇంటరు లేకున్నను, 18 ఏండ్లు నిండి అర్హతా పరీక్షలో గెలిచినవాడు బి.ఏ.లో చేరవచ్చునని విశ్వవిద్యాలయము చెప్పుట నాటికొక వింత. పెద్దలు నవ్విరి. కాని పెండ్లితో చదువు మానిన స్త్రీలు, కండక్టర్లు, బంట్రోతులు ఆదివారము తరగతులకు పోయి, తెలుగులో వ్రాసిన పాఠ్యగ్రంథములు చదివి పట్టభద్రులైరి. ఏడు నెలల పాలనలో నింతకంటె మిన్నయైన పని చేసినవారు అరుదు.

దాని యెల్ల కూడ చెప్పవలెను. పోస్టులో వచ్చు పాఠముతో పట్టము వచ్చును, పరిశోధన రాదు. పరిశోధనకు ప్రయోగశాల కావలెను, పెద్ద గ్రంథాలయము కావలెను, అన్నిటికంటె ముఖ్యముగ చేయిపట్టి నడపు గురువు కావలెను. ఇంటికి పైసా పంపకుండ ఐదారు సంవత్సరములు చదువుకొనుటకు ధైర్యము కావలెను. వెనుక చెప్పిన రెండవ పద్దు ఇచ్చట మిక్కిలి బరువుగ తూగును.

2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఒక క్రొత్త యుపాయము నెంచెను. పల్లెబడిలో పదవ తరగతి చదివిన వారిని నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో చేర్చుకొని ఆరేండ్లు అచ్చటనే యుంచి ఇంజనీర్లను చేయుట దీని పద్ధతి. పదవ తరగతికి గ్రేడులున్న కాలమున ప్రభుత్వ పాఠశాలలో చదివిన వాని గ్రేడు సగటునకు 0.4 కలుపుచుండిరి. అనగా 9.4 వచ్చిన జిల్లాపరిషత్తు బడి బిడ్డ 9.8 వచ్చిన ప్రయివేటు బడి బిడ్డతో సమానమయ్యెను. కులముతో బాటు బడిని గూడ తూకములో వేసిన లెక్క యిది. ఇంగ్లీషు పాఠములు అర్థముగాక మొదటి యేడు తడబడిన తెలుగు మాధ్యమపు బిడ్డలు కలరు. రెండేండ్లకు నిలద్రొక్కుకొన్నవారును కలరు. పిడుగురాళ్ల, దాచేపల్లి, బొల్లాపల్లి ప్రాంతముల బడులనుండి నూజివీడు త్రోవ పట్టుట నేడు వింత కాదు. 2016లో కాకినాడ జె.ఎన్.టి.యు.వారి ఇంజనీరింగు కళాశాల నరసరావుపేటకే వచ్చినది.

ఇక పరిశోధనకు పేరొందిన పీఠములలో తెలుగునాట ముఖ్యమైనది 1974లో పార్లమెంటు చట్టముచే ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము. 2005-06 నుండి కేంద్రప్రభుత్వము షెడ్యూల్డు కులముల, తెగల పరిశోధకులకు దేశమంతటికిని కలిపి ఏటేట 2000 ఫెలోషిప్పులు, అనగా 1333, 667 చొప్పున, ఏర్పరచెను. 2006 నాటి చట్టముచే కేంద్ర విద్యాసంస్థలలో ఇతర వెనుకబడిన తరగతులకు నూటికి 27 వాటా యేర్పడి, 2008లో సుప్రీముకోర్టు ఆమోదము పొందెను. ద్వారము పూర్తిగ తెరచినట్లే కనబడెను.

2016 జనవరి 17వ తేదీన ఆ విశ్వవిద్యాలయములో గుంటూరునకు చెందిన పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణించెను. అంబేడ్కరు విద్యార్థి సంఘమున పనిచేసిన యితడు, మరి నలుగురితో బాటు హాస్టలునుండి వెలివేయబడి ఆరుబయట గుడారమున నుండెను. అతడు విడిచిపోయిన లేఖ ప్రపంచమంతటను చదువబడినది. అందొక లెక్క కలదు. తనకు ఏడు నెలల ఫెలోషిప్పు, లక్షా డెబ్బదియైదు వేల రూపాయలు, రావలసియున్నదని. నెలకు 25,000 చొప్పున ఏడు నెలలకు సరిగా అంతయే. మరణించుచు బాకీ లెక్క తప్పక వ్రాసిన ఆ బిడ్డను తలచినపుడు, రాజకీయములెట్లున్నను, మంజూరునకు ముట్టుబడికి గల భేదము లెక్కపుస్తకములోని మాట కాదని తెలియును. లోపల ప్రవేశించిన వాని క్షేమమునకు పూచీ యెవరిదను ప్రశ్నను 2019లో ఆతని తల్లియు, మహారాష్ట్రలో నట్లే కుమార్తెను గోల్పోయిన డాక్టరు పాయల్ తడ్వీ తల్లియు కలిసి సుప్రీముకోర్టు ముందుంచిరి. ప్రవేశమును గూర్చి డెబ్బది యేండ్లు నడచిన వ్యాజ్యములు ఆ దినమునుండి నివాసమును గూర్చి నడచుట మొదలయ్యెను.

షెడ్యూల్డు కులములలోనే ముందువెనుకల సంగతియు చిరకాలము నలిగినది. ఉన్న వాటా ఒక్క కులమునకే పోవుచున్నదని మాదిగలు ఉద్యమింపగా, కొంతకాలము నడచిన వర్గీకరణను 2004లో సుప్రీముకోర్టు కొట్టివేసెను. 2024 ఆగస్టు 1వ తేదీన అదే న్యాయస్థానము వర్గీకరణ చెల్లునని చెప్పెను. 2025లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 15 వాటాను రెల్లి మొదలగు కులములకు 1, మాదిగ మొదలగు కులములకు 6.5, మాల మొదలగు కులములకు 7.5గ విభజించెను. జాషువాను కన్న తల్లి కులమువారికి ప్రత్యేక వాటా నిలిచినది.

ఈ హక్కులన్నియు కాగితముపై నడచును. పూర్వము గ్రామాధికారుల ధ్రువీకరణతో నడచిన పని, 1984లో కరిణీక మునసబులు రద్దై మరుసటి యేడు మండలములు రాగా మండల కార్యాలయమునకు పోయెను. 1993 నాటి చట్టముచే కులధ్రువీకరణ పత్రమున కొక క్రమమేర్పడెను. 2019 నుండి దరఖాస్తు గ్రామ సచివాలయములోనే ఇయ్యవచ్చును. తెలియక పొరబడు చోటొకటి కలదు. రాష్ట్ర విశ్వవిద్యాలయములకు చెల్లు వెనుకబడిన తరగతి పత్రము కేంద్ర విశ్వవిద్యాలయమునకు చెల్లదు. దానికి కేంద్రపు నమూనాలో వేరు పత్రము, కుటుంబము సంపన్నశ్రేణిలో లేదను మాటతో, కావలెను. రాష్ట్రపు పట్టికలో నున్న కులము కేంద్రపు పట్టికలో నున్నదో లేదో ముందుగ చూచుకొనవలెను. ప్రవేశ ప్రకటనలు దినపత్రికలలో ఒక మూల చిన్న అక్షరములతో వచ్చును. గడువు మూడు నాలుగు వారములు. గ్రంథాలయపు బల్లపై నా పత్రిక పడిన దినముననే చదివిన వానికి, పత్రము తెచ్చుకొనుటకు ఆ వ్యవధి సరిపోవును.